గ్రాంటు కోసం బతికిన మనిషి

పోయినామె కూతుర్ని పట్టుకుని, నువ్వే మీ అమ్మవని చెప్పమనడం నా కళ్ళారా చూశాను. ఆ మాట అన్నది చెడ్డ మనిషి కాదు, మా అందరికీ మేలు చేసిన మనిషి. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మాది ఇసుక పని. కొత్త జీన్స్ ప్యాంట్లు వాడి వాడి వెలిసినట్టు కనబడాలని గొట్టాలతో వాటి మీద ఇసుక కొడతాం. కిటికీల్లేని గది, మూతికి ఒక గుడ్డముక్క, అంతే. ప్యాంటుకు తగలగా మిగిలిన ఇసుక మా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెలిసిన ప్యాంటుకు షోకేసు. వెలిసిన మనిషికి ఇంటి దారి.

ఫ్యాక్టరీ వెనక సందులో టీచరమ్మ ఒక గది నడుపుతోంది. బడి నుంచి రిటైరై, ఉన్నదంతా ఊడ్చిపెట్టి మొదలుపెట్టింది. పని చెయ్యలేక బయటపడ్డవాళ్ళకి అక్కడ మంచాలు, మందులు, ఆక్సిజన్ మిషన్లు ఉంటాయి. మిషన్లు ఫౌండేషన్ వాళ్ళ గ్రాంటు. ఆ ఫౌండేషన్ ఎవరిదంటారా? ఫ్యాక్టరీ యజమానిదే! ఒక చేత్తో ఊపిరి లాక్కుని రెండో చేత్తో దానం చేస్తాడన్నమాట. ఏటేటా వాళ్ళకి రిపోర్టు పంపాలి. అందులో బాగుపడిన మనిషి ఒకరు కనబడాలి. కనబడకపోతే మిషన్లు వెనక్కి తీసుకుంటారు.

మొదటి ఏడు టీచరమ్మ, మాతోపాటు ఇసుక కొట్టి మంచాన పడ్డ నవ్వులక్క గురించి రాసింది. మేమంతా ఆమెని అలాగే పిలిచేవాళ్ళం. గొట్టం పట్టినా నవ్వే, మేస్త్రీ తిట్టినా నవ్వే. మంచం మీద నుంచి లేచి నాలుగడుగులు వేసిందని రాస్తే ఫౌండేషన్ వాళ్ళు మురిసిపోయారు. ఆ రిపోర్టు వెళ్ళిన కొన్నాళ్ళకే నవ్వులక్క పోయింది. ఏదో చెప్పబోయింది, దగ్గు తెర అడ్డొచ్చింది, ఆ మాట లోపలే ఉండిపోయింది.

చావు రాస్తే గ్రాంటు పోతుంది. టీచరమ్మ రాయలేదు. మరుసటేడు నవ్వులక్క కుట్టుపని నేర్చుకుంటోందని రాసింది. ఆ పై ఏడు సొంతంగా కుట్టుమిషన్ పెట్టుకుందని రాసింది. నిరుడైతే చిన్న దుకాణమే తెరిచిందట. మట్టిలో కలిసిన మనిషి మాకంటే బాగా బతికేస్తోంది! “ఈ ఏడు మేడ కడుతుందేమోనే” అని మేమే పరాచికాలాడుకునేవాళ్ళం. నవ్వాక మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు. ఆమె మంచం ఖాళీగా ఉండేది. కొత్తగా వచ్చిన రోగులు కూడా “నాకు నేలే బాగుంది లెండి” అని చాప పరుచుకునేవాళ్ళు. ఆ మంచం మీద ఎవరో దగ్గుతున్నట్టు వినబడుతోందనేవాళ్ళు. అబద్ధమెందుకు, నాకూ వినబడింది.

అలా ఉండగా ఫౌండేషన్ ఆఫీసరు కారు దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని మాట.

“మేడమ్, ఆ దుకాణం పెట్టినావిడ కథ మా పెద్దాయనకి తెగ నచ్చేసింది. వార్షికోత్సవంలో స్టేజీ మీద కూర్చోబెట్టాలంటున్నారు. ఆవిడ వస్తేనే వచ్చే ఏడు గ్రాంటు.”

కారు సందు దాటగానే టీచరమ్మ నవ్వులక్క కూతుర్ని పిలిచింది. ఆ పిల్ల కూడా మాతో ఇసుక గదిలోనే పని. తండ్రి టీచరమ్మ గదిలోనే మంచం మీద, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఉన్నాడు. ఆయన్ని మేం బావ అంటాం.

“అచ్చం మీ అమ్మ పోలికే తల్లీ నీది. కాసేపు కూర్చుని వచ్చెయ్యి. బాగున్నానని ఒక్క మాట చెప్పు.”

“మా అమ్మ బాగుందని నేను చెప్పాలా టీచరమ్మా?”

“మీ నాన్నని చూసి చెప్పవే! ఆ మిషను పోతే మీ నాన్న ఎన్నాళ్ళుంటాడు?” అంటూనే టీచరమ్మ ఏడ్చేసింది.

బావ నిద్రపోతున్నాడనుకున్నాం. ఈ రిపోర్టుల గొడవ ఆయనకి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. మంచం కిర్రుమంది.

“ఏంటీ? అది బతికే ఉందని రాశారా?” అన్నాడు మోచేతి మీద లేస్తూ. “ఇన్నాళ్ళూ నేను దాని చావు దాచిపెట్టి తెచ్చిన గాలి పీలుస్తున్నానా?”

గొట్టం పీకేశాడు. చూస్తుండగానే పెదాలు నల్లబడ్డాయి. పిల్ల ఒక్క దూకు దూకి, గడ్డం పట్టుకుని, గొట్టం మళ్ళీ పెట్టింది.

“చచ్చి ఎవర్ని సాధిస్తావు నాన్నా? నువ్వు పోతే నిన్ను కూడా బాగుపడ్డావనే రాస్తారు!”



సాయంత్రం పని దిగాక ఆ గదిలోనే మీటింగు. మంచాల మీద, మంచాల కింద, గుమ్మంలో, ఎక్కడ చూసినా మనుషులే. మూటలు మోసే తాత ముందు లేచాడు.

“అబద్ధమైతే ఏంటర్రా? ఊపిరి నిజమే కదా! ఒక్క మాట చెప్పి రా తల్లీ. నోటి దగ్గర కూడు కాలదన్నుకుంటామా?”

నాకు ఒళ్ళు మండింది. “ఎవడి కూడు తాతా? ఇసుక కొట్టించేదీ వాడే, మిషను ఇచ్చేదీ వాడే. మన చావులు మనచేతే దాయిస్తున్నాడు. ఒక్క చావైనా బయటికి వచ్చిందా ఇన్నేళ్ళలో?”

“బయటపెడితే మిషన్లు ఎత్తుకుపోతారు. అప్పుడు నువ్విస్తావా ఊపిరి?” ఇస్త్రీ మాస్టరు అరిచాడు.

“ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చుంటావా నువ్వు?”

మాటా మాటా పెరిగింది. టీచరమ్మ గోడకి ఆనుకుని, “చావు రాస్తే ఇంకో నలుగురు పోతారని భయపడ్డానర్రా. ఆ భయం వాళ్ళకి బాగా పనికొచ్చింది” అంది.

పిల్ల లేచి నిలబడింది. “నేను వెళ్తాను. అమ్మలాగే కూర్చుంటాను. అమ్మ చెప్పబోయి చెప్పలేకపోయిన మాట చెబుతాను. తర్వాత వాళ్ళు నాన్న మిషను కోసం వస్తారు. అప్పుడు గుమ్మంలో ఎవరుంటారు? అది తేల్చండి ముందు.”

మూటల తాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “నేనుంటా. నా కొడుకు కూడా ఈ గదిలోనే పోయాడుగా” అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ చెయ్యెత్తారు.

చప్పట్లు కొట్టడానికి మనుషులు కావాలి కదా, మమ్మల్ని కంపెనీ బస్సుల్లోనే హాలుకి తోలారు. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. స్టేజీ మీద యజమాని, పక్కన తల్లి పనిలో వేసుకునే చొక్కా తొడుక్కున్న పిల్ల. నవ్వులక్కే వచ్చి కూర్చున్నట్టుంది. పక్కనున్నామె నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “అక్కే కదే!” అంది.

యజమాని మైకులో తియ్యగా అడిగాడు. “ఏమ్మా, ఇప్పుడెలా ఉన్నావు?”

“చచ్చిపోయాను సార్.”

ముందు వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

“మీ ఇసుక గదిలో ఊపిరి పోయింది సార్. మీ గ్రాంటు ఆగకూడదని నన్ను బతికించారు. దుకాణం లేదు, ఏమీ లేదు. నేను మట్టిలో ఉన్నాను. నా కూతురు మీ గదిలో గొట్టం పట్టుకుంది. అదీ దగ్గుతోంది.”

ఆఫీసరు మైకు కోసం ఉరికాడు. ఈలోపు మా వెనక వరసలో మూటల తాత లేచాడు. మైకు ఆయనకెందుకు! “నేను నా కొడుకుని. పెళ్ళి కాకుండానే చచ్చిపోయాను!” ఇస్త్రీ మాస్టరు లేచాడు, కన్నీళ్ళు కారిపోతున్నాయి. “నేను మా తమ్ముణ్ణి. నేనూ చచ్చిపోయాను!” ఆ పక్కన ఒకామె మొగుడై లేచింది. నేను మా అన్నయ్యనై లేచాను. హాలు నిండా మావాళ్ళు, పోయినవాళ్ళంతా, నిలబడ్డారు. దీపాలార్పేశారు. చీకట్లో కూడా చెబుతూనే ఉన్నాం.

తెల్లారి లారీ వచ్చింది, దాని వెనకే పోలీసు జీపు. గుమ్మంలో మేం కూర్చున్నాం, సందంతా మేమే. “మిషన్లు కావాలంటే వాటికి తగిలించి ఉన్న మనుషుల్ని కూడా ఎత్తండి” అన్నాం. లారీవాడు కిందికి దిగి, లోపలికి తొంగి చూసి, “నా వల్ల కాదు సార్” అని బండి వెనక్కి తిప్పేశాడు. వాడూ కూలివాడే.

జీపు మాత్రం కదల్లేదు. చచ్చినామెని బతికున్నట్టు రాసి మోసం చేసిందని ఫౌండేషన్ ఫిర్యాదు. టీచరమ్మని ఎక్కించారు. ఆమె వెనక్కి తిరిగి, “బావకి మధ్యాహ్నం మందు మర్చిపోకండి” అంది.

పిల్ల జీపుకి అడ్డం నిలబడింది. “మా అమ్మ బతికుందని రాసినందుకు ఫిర్యాదుంది. ఎలా చచ్చిందో దానికి లేదా సార్?”

“ఎవరిచ్చారు?” ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. “ఇచ్చేదుంటే స్టేషనుకి రా.”

జీపు వెనకే నడిచాం. బావకి తోడు కొందరు ఆగిపోయారు. ఫ్యాక్టరీ సైరన్ మోగింది, ఒక్కరూ ఆ గేటు వైపు తిరగలేదు. పైగా గేటు దగ్గరున్నవాళ్ళు కూడా వచ్చి కలిశారు. స్టేషను ముందు రోడ్డు నిండిపోయింది. స్టేషను రైటరు బయటికి వచ్చాడు.

“ఏంటీ గుంపు? ఫిర్యాదు చేసేవాళ్ళు ఒక్కొక్కరుగా రండి.”

“ఒక్కొక్కరుగా ఎలా వస్తాం సార్?” అంది పిల్ల. “అందరం ఒక్క గదిలోనే చచ్చాం.”

అని మెట్లెక్కింది. వెనకే మేమంతా ఎక్కాం.