తొంభైతొమ్మిదీ ఎక్కడున్నాయి?

జూన్ పద్నాలుగు, ఆదివారం. ఆ పొద్దున ఆయన తిన్నది కాస్త మాడిన బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. పొయ్యి మీద మర్చిపోవడంతో గుడ్డు రబ్బరు బంతిలా తయారైంది. ఉప్పు చల్లుకుని తినేశాడు. భార్య పోయాక వంటలో తన తప్పులకు తానే శిక్ష అనుభవించడం ఆయనకు అలవాటైపోయింది. అయితే ఆ తేదీ గుర్తుండిపోయింది గుడ్డు వల్ల కాదు, ఆ సాయంత్రం ఒక పిల్ల అడిగిన ప్రశ్న వల్ల.

ఆయనది కళ్ళద్దాల దుకాణం. డిగ్రీ చదివి, తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. ఆదివారం సాయంత్రాలు చర్చి వెనక గదిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పడం భార్య పనిగా ఉండేది. ఆమె పోయాక మిగతా పెద్దలంతా "మీకున్న ఓపిక మాకెక్కడిదండీ" అంటూ మెల్లగా జారుకున్నారు. పని ఆయన నెత్తిన పడింది.

గదిలో బుడతలకు చాప, మధ్యరకం వాళ్ళకు జంపఖానా, నూనూగు మీసాల వాళ్ళకూ వాళ్ళ ఈడు ఆడపిల్లలకూ గోడవారగా బల్లలు. కథ అందరికీ ఒకటే. ప్రశ్నలు మాత్రం చాప దగ్గర మొదలై బల్లల దాకా వెళ్ళాలి. పెద్దవాళ్ళు ముందు నోరు తెరిస్తే చిన్నవాళ్ళ ప్రశ్నలు సిగ్గుపడి కడుపులోనే ఉండిపోతాయని భార్య అనేది. ఒక్కో కంటికి ఒక్కో అద్దం పెట్టి చూసే మనిషికి ఆ పద్ధతి ఇట్టే నచ్చింది.

ఆరోజు తప్పిపోయిన గొర్రె కథ. నూరు గొర్రెల్లో ఒకటి కనబడలేదు. కాపరి తొంభైతొమ్మిదింటినీ దొడ్లోకి తోలి, ఆ ఒక్కదాని కోసం కొండలూ గుట్టలూ వెతికి, దొరికాక భుజాల మీద మోసుకొచ్చాడు. గొర్రె దొరికినప్పుడు చాప మీది వాళ్ళంతా మే మే అని గది అదరగొట్టారు.

తర్వాత ప్రశ్నలు. గొర్రెకు పేరేమిటని ఒకడు అడిగాడు. భుజం మీద ఉండగా అది ఉచ్చ పోస్తే ఎలా అని ఇంకో బుడత అడిగింది. గొల్లున నవ్వులు లేచాయి. తడుస్తాడు గానీ దించడని ఆయన చెప్పాడు. జంపఖానా మీద వాగుడుకాయగా పేరుపడ్డవాడు, కుదురుగా నిలబడని గొర్రెల్ని లెక్కపెట్టేదెలాగని తగులుకున్నాడు. వాడి గొడవ తేలకముందే టైలరు కూతురు చెయ్యెత్తింది. పదేళ్ళ పిల్ల. ఏనాడూ చెయ్యెత్తింది లేదు.

"మిగతావి ఎవరి దగ్గరున్నాయి తాతయ్యా?"

"దొడ్లో క్షేమంగా ఉన్నాయమ్మా."

బల్ల మీది పెద్దమ్మాయి ఒకతె ఒళ్ళోని బైబిల్లోంచి తలెత్తింది. "ఇందులో దొడ్డి లేదు తాతయ్యా. అడవిలో వదిలి వెళ్ళాడనే ఉంది."

ఆయన వెళ్ళి చూశాడు. నిజమే. దొడ్డి ఊసే లేదు. భార్య నోట విన్నదే తానూ ఇన్నాళ్ళూ చెప్పుకొచ్చాడు. అన్నింటినీ అలా ఆరుబయట వదిలెయ్యడానికి ఆవిడకు మనసొప్పి ఉండదు. మరి అవి ఏమైనట్టు? ఆయనకే ఆత్రం పుట్టి పిల్లల్నే అడిగాడు. ఆడుకుంటూ ఉంటాయని చాప తేల్చింది. కుక్క కాపలా కాసిందని వాగుడుకాయ. అవి బుద్ధిమంతులు, ఎక్కడికీ పోవన్న నమ్మకంతోనే వదిలాడని బల్లలు. టైలరు కూతురు అన్నీ శ్రద్ధగా విని ఊరుకుంది.

చివర ప్రార్థన. ఆ పిల్ల తమ్ముడికి కిడ్నీ జబ్బు. రెండు నెలలుగా ఆసుపత్రిలో ఉన్నాడు. తల్లి అక్కడే ఉంటోంది. తండ్రి అటూ ఇటూ తిరుగుతున్నాడు. పిల్లల్ని వార్డులోకి రానివ్వరు గనక ఈ పిల్ల పగలంతా పక్కింట్లో ఉంటోంది. వారం వారం చేస్తున్నట్టే ఆయన తమ్ముడి కోసం, తల్లి కోసం, తండ్రి కోసం, డాక్టర్ల కోసం ప్రార్థించాడు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఆ పిల్లే. అప్పుడు తట్టింది ఆయనకు, ఇన్ని వారాల్లో దీని మాట ఒక్కసారీ ఎత్తలేదని.

జంపఖానా మడత పెట్టడానికి ఆ పిల్ల రెండో కొస పట్టుకుంది.

"ఎందుకడిగావమ్మా?"

"ఊరికే." కొసలు కలిపి ఇచ్చాక మళ్ళీ అంది. "వెళ్ళేటప్పుడు వాటికి చెప్పి వెళ్ళాడా?"

"నాకు తెలీదమ్మా," అన్నాడాయన. ఆ మాట అన్నాక, ఇది తాను చెప్పవలసిన జవాబు కాదనిపించి ఆ పిల్లను తానే ఇంటికి తీసుకెళ్ళాడు.

ముందు గది టైలరు షాపు, వెనక ఇల్లు. ఆసుపత్రి నుంచి వచ్చి టైలరు పేరుకుపోయిన బట్టల మీద పడ్డాడు. పిల్ల మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళగానే ఆయన జరిగింది చెప్పాడు. మిషను ఆగలేదు.

"దాని గురించి నాకు బెంగే లేదు బాబాయిగారూ. బంగారు తల్లి. ఏదీ అడగదు."

"ఇవాళ అడిగింది నాయనా. జవాబు నా దగ్గర లేదు."

మిషను ఆగింది. డాక్టర్లే సరిగ్గా చెప్పరనీ, పసిదాన్ని భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాననీ టైలరు గొణిగాడు. తెలిసినంతే చెప్పమన్నాడాయన.

పిల్ల గ్లాసు తెచ్చి ఆయనకిచ్చింది. టైలరు గుడ్డలు పక్కకు జరిపి, ఎవర్నీ చెయ్యి కూడా ఆననివ్వని కత్తిరింపు బల్ల మీద దాన్ని కూర్చోబెట్టాడు. వాపు తగ్గిందనీ, ఇంకో పరీక్ష ఉందనీ, ఈ నెలాఖరుకైనా వస్తారో లేదో తనకూ తెలియదనీ చెప్పాడు.

"తమ్ముణ్ణి తీసుకెళ్ళిన రాత్రి నువ్వు నిద్రలో ఉన్నావు. లేపితే ఏడుస్తావని చెప్పకుండా వెళ్ళిపోయాం. లేపి చెప్పాల్సింది."

పిల్ల ఏడవలేదు. ప్రశ్నలు మొదలుపెట్టింది. తమ్ముడికి సూది ఏ చేతికి? అమ్మ కుర్చీలో పడుకుంటే కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటుంది? కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? టైలరు ఒక్కోదానికీ గుర్తు తెచ్చుకుని మరీ చెప్పాడు.

"అమ్మ నా గురించి అడుగుతుందా?"

"రోజూ. జడ ఎవరేశారని అడుగుతుంది."

"నువ్వేం చెబుతావు?"

"చూళ్ళేదని చెబుతున్నాను."

"నేనే వేసుకుంటున్నా నాన్నా."

"ఏదీ, ఇటు తిరుగు. చూడనీ."

పిల్ల వెనక్కి తిరిగి కూర్చుంది. జడ వంకరగా ఉంది. రిబ్బను సగం ఊడింది. టైలరు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన గ్లాసు చప్పుడు కాకుండా పెట్టి వీధిలోకి వచ్చాడు. చీకటి పడింది. సంచీలో గుడ్డతో ఎవరో మెట్లెక్కబోతుంటే, ఇవాళ్టికి అయిపోయింది, రేపు రమ్మని సైగ చేశాడు. తర్వాత తలుపు రెక్కలు రెండూ మెల్లగా దగ్గరికి వేశాడు.