ఫ్రిజ్ మీది అయస్కాంతం

"మీటరుకి మొహమాటం ఉండదు" అన్నారు మా ఆయన, నేను ఆయన టిఫిన్ డబ్బా కడుగుతుండగా. వెనకాల నిలబడి ఫోన్‌లో నా అంకెలు చూస్తున్నారు. "నూట అరవై. పోయిన వారమూ ఇంతే. నువ్వు తొక్కుతున్నావా, షికారు చేస్తున్నావా?" మూతకి పట్టిన జిడ్డు వదలడం లేదు. పీచు తీసుకుని గట్టిగా రుద్దాను. షికారట! నా మోకాళ్ళని అడిగితే చెప్తాయి షికారు సంగతి.

ఆయన మా సైక్లింగ్ క్లబ్బుకి కోచ్. పెళ్ళికి ముందు నాకూ కోచే. "ఈ అమ్మాయి కాళ్ళల్లో ఇంజను ఉంది" అని నలుగురిలో పొగిడిన మనిషి. పాప పుట్టాక సైకిలు మూలపడింది. రెండేళ్ళ కిందట దుమ్ము దులిపి మళ్ళీ ఎక్కాను. ఈ ఏడాది పెద్ద రేసుకి క్లబ్బు నుంచి నలుగురు ఆడవాళ్ళు వెళ్తారు. ముగ్గురు ఖాయం. నాలుగో చోటు నాదా, పిడుగుదా అన్నది ఆయన తేల్చాలి. పిడుగు మా జట్టులో అందరికన్నా చిన్నది, మాటకి మాట అప్పజెబుతుందని ఆ పేరు. దానికి ముందు ముందు బోలెడు రేసులున్నాయి. నాకు ఈసారి పోతే మళ్ళీ లేదు, ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

తేల్చడానికి ఆయన చూసేది వాట్లు. పెడల్ కాడకి అంటించిన చిన్న మీటరు, కాలు ఎంత బలంగా నొక్కుతోందో, ఎన్ని చుట్లు తిరుగుతోందో పట్టుకుని, రెండూ కలిపి లెక్కగట్టి చెప్పే అంకె అది. నాది ఆయన వాడి వదిలేసిన మీటరు. ఆయనకి కొత్తది వచ్చాక పాతది నాకొచ్చింది. మా ఇంట్లో నాకేదైనా వచ్చేది ఆ దారిలోనే.

జట్టంతా తెల్లవారగానే నది పక్క కొత్త రోడ్డు మీద తొక్కుతుంది. అద్దంలా ఉంటుందట ఆ రోడ్డు. ఆ వేళకి నేను పొయ్యి దగ్గర ఉంటాను. ఆయన కాఫీ, ఆయన నీళ్ళ సీసాలు, మందులు వేసుకునే ముందు అత్తయ్య కడుపులోకి ఏదో ఒకటి, పాప జడ, పాప బూట్లు, ఆ బూట్లలో కనపడకుండా పోయిన ఒక మేజోడు. అందరూ వెళ్ళి, అత్తయ్య కునుకు తీసే గంటలో నాకు మిగిలేది ఇంటి వెనక రాళ్ళ రోడ్డు. గోడౌన్ల మధ్య ఎప్పుడో పరిచిన రాళ్ళు, లారీలు తిరిగి తిరిగి ఒకటి పైకి లేచి, ఒకటి లోపలికి కుంగి ఉంటాయి. దాని మీద తొక్కుతుంటే పళ్ళు కటకటలాడతాయి. కాస్త దూరం వెళ్తే "పిలిస్తే పలికే దిక్కు లేదమ్మాయ్ నాకు" అని అత్తయ్య సాయంత్రం దాకా అంటూనే ఉంటారు. అందుకని ఆ రాళ్ళ మీదే అటూ ఇటూ. చెమటకి తడిసి ముద్దయి ఇంటికొస్తే మీటరు నూట అరవై అంటుంది.

నేను దాన్ని నమ్మాను, అదీ నా ఏడుపు. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది, అయినా అంకెనే నమ్మాను. "పిల్లలు పుట్టాక ఒళ్ళు అంతే, ఒప్పేసుకో" అన్నారు ఆయన ఒకసారి, దయగా. తిట్టినా అంత మండేది కాదు.

ఎంపిక దగ్గరపడుతుండగా ఒక మధ్యాహ్నం పిడుగు టైరు కోసం వచ్చింది. ఆయన ఇంట్లో లేరు. వరండాలో నా సైకిలు చుట్టూ తిరిగి, వంగి చూసి, "అక్కా, నీ అయస్కాంతం ఏదీ?" అంది.

"అయస్కాంతమేంటే?"

"అదేంటక్కా, ఈ రకం మీటరుకి పెట్టెలోనే ఇస్తారుగా! ఇంత బొత్తామంత ఉంటుంది. ఫ్రేముకి అంటించాలి. కాడ దాని ముందు నుంచి పోయినప్పుడల్లా మీటరు ఒక చుట్టు అని లెక్కపెట్టుకుంటుంది. అది లేకపోతే ఊపుని బట్టి అంచనా వేసుకుంటుంది. నున్నటి రోడ్డు మీదైతే పర్లేదు. రాళ్ళ మీద ఏది చుట్టో, ఏది కుదుపో దానికేం తెలుస్తుంది? చుట్లు మింగేస్తుంది. కోచ్ సారే చెప్పారు నాకు, గతుకుల్లోకి వెళ్తే అయస్కాంతం పెట్టుకోమని."

కోచ్ సారే చెప్పారు. దానికి.

అది వెళ్ళాక వంటింట్లోకొచ్చి ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. అత్తయ్య మందుల చీటీని పట్టుకుని నల్లగా, గుండ్రంగా ఉందది. మీటరు నా సైకిలుకి బిగించిన రోజు, "ఇదేదో మిగిలింది, ఎందుకన్నా పనికొస్తుందేమో చూడు" అని ఆయనే నా చేతిలో పెట్టారు. పనికొచ్చేలా చూసింది నేనే! ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. చీటీని ఫ్రిజ్ పిడి సందులో దోపి అయస్కాంతం ఊడదీసుకున్నాను.

మర్నాడు అవే రాళ్ళు, అదే గంట, అదే రొప్పు. రెండొందల పది. ఆ మర్నాడూ అంతే.

భోజనాల దగ్గర చూపించాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఒక్కసారిగా యాభై పెరిగిందా? మీటరు పాడైనట్టుంది."

"పాడవలేదండీ. అయస్కాంతం పెట్టాను."

"అయితే ఎక్కువ చూపిస్తోందేమో. రాళ్ళ రోడ్డు మీద వచ్చే అంకెని అంత నమ్మకూడదు."

"మరి ఇన్నాళ్ళూ నమ్మారుగా?"

ఆయన పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నారు. "తినేటప్పుడు లెక్కలేంటమ్మాయ్, వాణ్ణి తిననీ" అన్నారు అత్తయ్య.

"పోనీ ఒక్క పొద్దున నది రోడ్డు మీద పిడుగు పక్కన నన్నూ తొక్కనివ్వండి. తేలిపోతుంది."

"పొద్దున్నా?" నిజంగానే ఆశ్చర్యపోయారు. "మరి పాప? అమ్మ మందులు?"

ఆదివారం క్లబ్బులో ఆయన లేచి నిలబడి, ఏడాది మొత్తం సగటు చూశానని, నాలుగో చోటు పిడుగుదని చెప్పారు. "ఇంటి మనిషి కదా అని పక్షపాతం చూపించలేను" అని కూడా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన నిజాయితీకి. పిడుగు తల వంచుకుని బూటు దారం కట్టుకుంటూ కూర్చుంది. దాని మీద నాకు కోపం లేదు. నేనూ చప్పట్లు కొట్టాను, చేతులు వాటంతటవే కొట్టేశాయి. సిగ్గేసింది.

ఇంటికొచ్చేసరికి మందుల చీటీ వంటింటి నేల మీద పడి ఉంది. అత్తయ్య గదిలోంచి మాత్రల కోసం పిలుస్తున్నారు. ఆయన ఫ్రిజ్ తలుపు తడిమి చూశారు. "ఇక్కడ అయస్కాంతం ఉండాలే, ఏదీ?"

"సైకిలుకి ఉంది."

"ఎంపిక అయిపోయిందిగా, ఇంకా దేనికది? తెచ్చి ఇక్కడ పెట్టు, చీటీ పడిపోతోంది."

వంగి చీటీ తీశాను. దుమ్ము దులిపి, ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాను.

"పొద్దుటి మాత్ర టిఫిన్ తర్వాత. పాపకి జడ బిగించి వెయ్యకండి, ఏడుస్తుంది. నేను నది రోడ్డు మీద ఉంటాను. రేపటి నుంచి ఇది మీరు పట్టుకోండి."