ఊడిరాని గాజులు

పెళ్లి మాట కోడలే ఎత్తింది. ఆదివారం మధ్యాహ్నం. అత్తగారు కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో కోటు లైనింగ్ విప్పుతోంది. కోడలు ఆరిన బట్టలు మడతపెడుతూ, దుప్పటి అంచులు కలిపినవే మళ్లీ కలుపుతూ, “అత్తయ్యా, కళ్లజోళ్ల షాపు ఆయన నన్ను చేసుకుంటానంటున్నారు. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను” అంది.

అత్తగారి పెదాల మధ్య గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటీ తీసి చిన్న దిండుకి గుచ్చింది. అన్నీ గుచ్చడం అయ్యాక, “మంచివాడే. మొన్న నా కళ్లజోడు పుల్ల ఊడితే డబ్బులు పుచ్చుకోకుండా బిగించి ఇచ్చాడు. సరేనని చెప్పు” అంది.

అంతే. మళ్లీ లైనింగ్ మీదికి వంగింది. ఇంత తేలిగ్గా తేలిపోతుందని కోడలు అనుకోలేదు. తేలిపోలేదని కూడా ఆమెకి తెలుసు.

ఆ రెండు గదుల ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది వాళ్లిద్దరే. అత్తగారి కొడుకు లిఫ్టులు బాగుచేసేవాడు. మనిషి ఎంత ఎత్తంటే వీధిలో అందరూ పొడుగాయన అనేవాళ్లు. చివరికి తల్లి కూడా “ఒరేయ్ పొడుగూ” అనే పిలిచేది. లిఫ్టు మధ్యలో ఆగి లోపల ఎవరైనా ఇరుక్కుపోతే, ముందు తలుపు సందులోంచి వాళ్లతో కబుర్లు మొదలుపెట్టేవాడు. మీదే ఊరు, పిల్లలెంతమంది, ఇవాళ వంటేమిటి అని అడిగి వాళ్ల భయం కాస్త తగ్గించి, అప్పుడు పానా పట్టేవాడు. ఒక చలికాలం నెమ్ము చేసి ఆసుపత్రిలో చేరాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

కోడలి చేతికున్న బంగారు గాజుల జత అతను చేయించిందే. పెళ్లయిన కొత్తలో, రాత్రి డ్యూటీలు అదనంగా చేసి డబ్బు కూడబెట్టి, ముందుగా తెలియకూడదని భార్య నిద్రలో ఉండగా మణికట్టుకి దారం చుట్టి కొలత తీసుకున్నాడు. గాజు ఎక్కాల్సింది అరచేతి మీదుగా అన్న సంగతి అతనికి తట్టలేదు. “లిఫ్టు గుంతని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తావు, పెళ్లాం చెయ్యి కొలవడం చేతకాలేదా నీకు” అని తల్లి ఒకటే నవ్వు. సబ్బు రాసి ముగ్గురూ కలిసి తంటాలు పడితే ఎలాగో ఎక్కాయి. ఎక్కినవి మరి దిగలేదు.

కోడలు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. తడి బట్టల మోపులు ఎత్తీ ఎత్తీ చేతులు గట్టిపడ్డాయి, మణికట్లు లావయ్యాయి. ఇస్త్రీ రోలర్ల వేడికి బంగారం కాగి చర్మం చురుక్కుమంటుందని గాజుల కింద గుడ్డపేలిక దోపుకునేది. పేలిక మాసిపోతే ఇంకోటి దోపుకునేది. అంతేగాని వాటి గురించి ఎవరితోనూ ఏమీ అనేది కాదు.

పెళ్లికి ఒప్పుకున్నాక ఇంట్లో మాటలు తగ్గాయి. “అన్నం పెట్టనా”, “తలుపు వేశావా”, ఇలాంటివే మిగిలాయి. ఒకరోజు సాయంత్రం కోడలు పనినుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, “ఈ గాజులు మీకిచ్చి వెళతాను” అంది.

“నాకెందుకు? అవి వేసుకుని మిషన్ తొక్కమంటావా?”

“మీ అబ్బాయి కష్టం కదా.”

“వాడి కష్టం వాడు నీకిచ్చాడు. నాకు కాదుగా.”

“వేరే ఇంటికి ఇవి వేసుకుని ఎలా వెళ్లను అత్తయ్యా? షాపు ఆయన ఏమీ అనరు. నాకే ఏదోలా ఉంటుంది.”

అత్తగారు లేచింది. “అయితే పద, తీద్దాం” అంది.

స్నానాల గదిలో బకెట్ బోర్లించి దానిమీద కోడలిని కూర్చోబెట్టింది. చేతికి సబ్బు రాసింది. వేళ్లన్నీ దగ్గరగా నొక్కిపట్టి లాగింది. గాజు బొటనవేలి ఎముక దాకా వచ్చి ఆగింది. నూనె రాసి లాగింది. చల్లనీళ్లలో పెట్టించి మళ్లీ లాగింది. లాగినకొద్దీ చెయ్యి ఎర్రబడి ఉబ్బుతోంది.

“అత్తయ్యా, నొప్పి” అంది కోడలు మెల్లగా.

అత్తగారికి ఆ మాట వినిపించింది. అయినా చేతులు ఆగలేదు. ఇన్ని రోజులుగా సరే, మంచిదే అంటున్న నోటికీ ఈ చేతులకీ పొత్తు లేదన్నట్టు, ఇంకా గట్టిగా గుంజింది. ఎముక మీద చర్మం లేచి సబ్బు నురగలో ఎర్రటి చార కనిపించాక గానీ ఆమెకి తెలివి రాలేదు. చటుక్కున వదిలేసింది. గోడకి ఆనుకుని, తడి నేలమీదే కూలబడింది.

చాలాసేపటికి, “నాకు కోపంగా ఉంది” అంది.

“తెలుసు.”

“నీ మీద కాదు.”

“నా మీదయినా ఫరవాలేదు అత్తయ్యా.”

“నీ మీదే,” అంది అత్తగారు. “కొంచెం.”

కోడలు కుళాయి తిప్పి చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాత అత్తగారికి చెయ్యందించి పైకి లేపింది. ఆ పూట వాళ్లు మామూలుగానే మాట్లాడుకుంటూ అన్నం తిన్నారు. గాజులు కోయించడం తప్ప దారి లేదని అన్నం దగ్గరే అనుకున్నారు.

పాత బంగారం కొనే దుకాణం బజారు చివర ఉంది. ఒక పక్క బ్యాటరీల షాపు, ఇంకో పక్క గడియారాలు బాగుచేసే కొట్టు. రెంటి మధ్యా ఇరుకుగా, ఇనపకమ్మీల తలుపుతో ఉంది. లోపల గాజుపెట్టెలో త్రాసు, దీపం, గీటురాయి, గాలిలో ఘాటైన యాసిడ్ వాసన. దుకాణదారు పెద్ద పొట్ట మనిషి. భూతద్దం కంటికి నొక్కుకుని కోడలి చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“కోస్తే ఇక ఇవి గాజులు కావమ్మా. తుక్కు కిందే లెక్క” అన్నాడు. “పనితనానికి ఏమీ రాదు. అతుకుల దగ్గర టంకం తీసేసి, మిగిలిన బంగారం బరువుకే కడతాం. అలా కాదంటే, కోసి, మధ్యలో చిన్న ముక్క వేసి కాస్త వెడల్పు చేసి అతికించి ఇస్తాను. రెండింట్లో ఏదో ముందే అనుకోండి. కరిగించాక వచ్చి మళ్లీ కావాలంటే నేనేం చేయలేను. అలా వచ్చి ఏడ్చినవాళ్లని చూశాను.” ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఇంతకీ ఇవి ఎవరివి?”

“ఈ అమ్మాయివి,” అంది అత్తగారు.

“అత్తయ్యవి,” అంది కోడలు అదే క్షణంలో.

దుకాణదారు భూతద్దం కింద పెట్టాడు. “నాది నాది అని ఇక్కడ జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్లున్నారు. నీది నీది అని పోట్లాడుకోవడం ఇదే చూడటం. బయట బల్ల ఉంది. కూర్చుని తేల్చుకుని రండమ్మా, నేనెక్కడికీ పోను.”

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ముందునుంచి తోపుడుబళ్లూ సైకిళ్లూ పోతున్నాయి.

“వెడల్పు చేయించి మీరుంచుకోండి,” అంది కోడలు. “వేసుకోకపోయినా, బీరువాలో ఉంటాయి.”

“బీరువా తీసినప్పుడల్లా నేనేం చెయ్యాలి? చూసుకుని ఏడవాలా? వాడి చొక్కాలున్నాయి, పానాలున్నాయి, చెప్పుల జత ఉంది. ఏడవడానికి ఇంట్లో సామానుకేం కొదవ లేదు.” అత్తగారు కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. “నువ్వెందుకు ఉంచుకోనంటున్నావో అది చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు.”

కోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ అంది. “పొద్దున్నే లేచి ఆ ఇంట్లో టీ పెడుతుంటే చేతికి ఇవి కనిపిస్తాయి. అప్పుడు టీ పెడుతున్నది ఎవరి భార్యో నాకే తెలియదు. అది ఆయనకి అన్యాయం. మీ అబ్బాయికీ అన్యాయమే.”

“అయితే అమ్మెయ్.”

“అమ్మేస్తే...”

“ఊఁ?”

“ఇవి చేతికున్నంత కాలం నేను మీ ఇంటి మనిషిని. తీసేశాక మీ మెట్లు ఏమని ఎక్కి రాను? ఏ వరసన వచ్చావని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?”

అత్తగారు ఆ మాట ఊహించలేదు. ఇన్నాళ్లూ కోడలు వెళ్లిపోతుందన్న దిగులు తన ఒక్కదానిదే అనుకుంది. వెళ్లేవాళ్లకి కొత్త ఇల్లుంటుంది, కొత్త మనిషి ఉంటాడు, వాళ్లకేం అనుకుంది. ఆ పిల్ల కూడా తలుపు అవతల నిలబడి రానిస్తారా లేదా అని బెంగపడుతోందని ఆమెకి తోచలేదు.

“ఇన్నాళ్లూ నీ చేతి బంగారం చూసి తలుపు తీశానా నేను?” అంది చివరికి. గొంతు కాస్త కరుగ్గానే వచ్చింది. “నువ్వు పనినుంచి వచ్చే వేళకి అన్నం వేడిచేసి పెడతాను. గాజులకి పెట్టానా? మీ మావయ్య పోయినప్పుడు వాడు లేడా, వాడు పోయినప్పుడు నువ్వు లేవా. వరసల సంగతి అడిగేవాళ్లతో నేను మాట్లాడుకుంటాలే.”

కోడలు గాజుల్ని మణికట్టు చుట్టూ ఒకసారి తిప్పింది.

“ముందు కోయించు,” అంది అత్తగారు లేస్తూ. “చేతికి ఉన్నంతసేపూ మనిద్దరికీ బుర్ర పనిచేయదు.”

దుకాణదారు గాజుకీ చర్మానికీ మధ్య పల్చటి ఇనపరేకు దూర్చాడు. వెంట్రుకంత సన్నని రంపం తీసుకున్నాడు. కోడలి చెయ్యి కదలకుండా అత్తగారు మోచేతి దగ్గర పట్టుకుంది. రంపం ఆడుతుంటే కీచుమని సన్నటి చప్పుడు. బంగారు పొడి కింద పరిచిన కాగితం మీద రాలింది. మొదటి గాజు తెగింది. అతను పట్టకారుతో నోరు వెడల్పు చేసి పక్కకి లాగేశాడు. రెండోదీ అంతే.

తెగిన రెండూ కాగితం మీద పడి ఉన్నాయి. అత్తగారు వాటిని చూస్తే గుండె ఆగిపోతుందని భయపడుతూ వచ్చింది. తీరా చూస్తే ఏమీ కాలేదు. వంకరగా రెండు కడ్డీలు, లోపలి అంచున సబ్బు మడ్డి, దారపు పోగులు. పైన ఒకప్పుడు తీగలల్లుకున్నట్టు చెక్కడం ఉండేది. లాండ్రీ పనిలో అది ఎప్పుడో అరిగి చదునైపోయింది. కొడుకు ముఖం వెలిగిపోతూ పొట్లం విప్పి చూపించిన గాజులు ఇవేనా అనిపించింది.

ఆమెకి ఏడుపొచ్చింది కోడలి మణికట్టు చూసి. గాజులుండే చోట చర్మం నీళ్లలో నానినట్టు తెల్లగా, చుట్టూరా సన్నటి గాడి పడి ఉంది. మొన్న తాను గీరిన చోట ఇంకా పక్కు ఊడలేదు. అత్తగారు ఆ గాడి మీద బొటనవేలితో రాసింది. రాస్తూనే ఉంది. దుకాణదారు మర్యాదగా తల తిప్పుకుని త్రాసు తుడిచాడు.

“అమ్మేద్దాం అత్తయ్యా,” అంది కోడలు.

“ఊఁ,” అంది అత్తగారు. తర్వాత అతనివైపు తిరిగి, “కరిగించేటప్పుడు చూడొచ్చా బాబూ?” అని అడిగింది.

“ఎవరినీ లోపలికి రానివ్వనమ్మా,” అని అతను ఒక క్షణం ఆలోచించాడు. “రండి. దూరంగా నిలబడండి.”

వెనక గదిలో చిన్న మట్టిమూస ఉంది. అందులో రెండింటినీ వేసి మంట పెట్టాడు. ముందు నల్లబడ్డాయి. ఆ తర్వాత ఎర్రగా కాగి, అంచులు మెత్తబడి, ఒకదానిమీద ఒకటి ఒరిగాయి. చూస్తుండగానే ఏది ఏదో తెలియకుండా కలిసిపోయి, చొక్కా బొత్తామంత ముద్దగా మారి, మధ్యలో వణుకుతూ మెరిసింది.

“ఇంతేనా?” అంది అత్తగారు.

“ఇంతేనమ్మా,” అన్నాడతను.

డబ్బు కోడలే అందుకుంది. బస్సులో కూర్చున్నాక అంతా అత్తగారి సంచిలో పెట్టబోయింది. ఆమె తోసేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ తోసింది. పక్కసీటు పెద్దాయన వింతగా చూస్తుంటే సిగ్గేసి, సగం సగమని ఒప్పుకున్నారు. అత్తగారు తన వాటాతో మోకాళ్లకి వైద్యం మొదలుపెట్టింది. కోడలి వాటా బ్యాంకులో వేయించింది. “మొగుడికి చెప్పకు,” అంది. “మంచివాడే. అయినా చెప్పకు.”

మనసు అంత తేలిగ్గా సర్దుకోలేదు. లాండ్రీలో రోలరు దగ్గరికి వెళ్లేముందు కోడలి వేళ్లు పేలిక కోసం మణికట్టు తడుముకునేవి. అత్తగారయితే ఒక పొద్దున్న లేస్తూనే, తప్పు చేశాం, వెళ్లి వెనక్కి తెచ్చేసుకుందాం అనుకుంది. చీర మార్చుకుంది, చెప్పులేసుకుంది, మెట్లు దిగి వీధి మలుపు దాకా నడిచింది. తెచ్చుకోవడానికి అక్కడేమీ లేదన్నది మలుపు దగ్గర గుర్తొచ్చింది. కాసేపు అక్కడే నిలబడి, ఇంటికి తిరిగొచ్చి, రవిక ఒకటి మిగిలి ఉంటే కుట్టేసింది. ఆ సంగతి కోడలికి చెప్పలేదు.

పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. కళ్లజోళ్ల షాపు ఆయన కొత్త చొక్కా వేసుకుని, తన తరఫున చెల్లెల్నీ బావగారినీ తెచ్చుకున్నాడు. అత్తగారికి కుర్చీ కోసం రెండు గదులు వెతికి తెచ్చి వేశాడు. కోడలి వైపు సాక్షి అత్తగారే. బల్ల అవతలి గుమాస్తా తలెత్తకుండా, “పెళ్లికూతురికి మీరేమవుతారమ్మా?” అని అడిగాడు.

“అత్తగారిని.”

“అంటే పెళ్లికొడుకు అమ్మగారా?”

“కాదు. ఇంతకుముందు అత్తగారిని.”

గుమాస్తా ఇప్పుడు తలెత్తాడు. ఆమెనీ, వెనక నిలబడ్డ ఇద్దరినీ చూశాడు. కలం చివర నమిలి, “అలా రాయడానికి కుదరదమ్మా. బంధువు అని రాస్తున్నాను. సరిపోతుంది” అన్నాడు.

అత్తగారు కుర్చీలో కొంచెం ముందుకి జరిగి కాగితం వైపు చూసింది. కోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“దగ్గరి బంధువు అని రాయండి,” అంది అత్తగారు.

“రాయకపోయినా నష్టం లేదమ్మా.”

“రాస్తే మీకు నష్టమా?”

గుమాస్తా కలం మళ్లీ ఆనించి, అప్పటికే రాసేసిన మాటకి ముందు ఉన్న కాస్త జాగాలో, చిన్న అక్షరాలతో ఇరికించి రాశాడు. కాగితం ఆమె వైపు తిప్పాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని, అది చదువుకుని, సంతకం పెట్టింది.