గేటు కనిపించే కుర్చీ

యామిని వచ్చి మూడు వారాలు తిరక్కుండానే జనం ఆమె కోసం అడిగి మరీ రావడం మొదలుపెట్టారు. "ఆ కొత్తమ్మాయి ఉందాండి?" అని గుమ్మంలో నిలబడి అడిగేవాళ్లు. అడిగేది ఎవర్ని? నాలుగేళ్లుగా ఆ గుమ్మం పక్క బల్ల దగ్గరే కూర్చుంటున్న వెంకటదుర్గని. ఉంది, కూర్చోండి అనేది దుర్గ నవ్వుతూ. వాళ్లు అటు తిరగ్గానే ఆ నవ్వు తీసేసేది.

రాజోలులో అది డాక్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి సొంత పశువుల ఆసుపత్రి. కుక్కలూ పిల్లులూ మేకలూ అక్కడికి వస్తాయి. గేదెల దగ్గరికి ఆయనే బండి మీద వెళతారు. యామిని పశువైద్యంలో రెండేళ్ల డిప్లొమా చదివింది. దుర్గ చదువు పదో తరగతితో, పెళ్లితో ఆగిపోయింది. దానికి దుర్గ పెద్దగా ఏడవలేదు. ఆమెకి మండేది యామిని మాట్లాడే తీరు చూస్తేనే.

మందు ఎలా వెయ్యాలో చెప్పేసి ఊరుకోదు యామిని. "ఇప్పుడు మీరు చెప్పండి బాబాయిగారూ, ఇంటికెళ్లి ఏం చేస్తారు?" అని పాఠం అప్పజెప్పించుకున్నట్టు అడుగుతుంది. తల నెరిసిన రైతులు కూడా తడుముకుంటూ చెప్తారు, తప్పు చెప్పి నవ్వుతారు, మళ్లీ చెప్తారు. దుర్గ దగ్గర ఈ తంతేమీ లేదు. ఆమె గబగబా చెప్పేది, వాళ్లు "ఆయ్" అనేవాళ్లు, అయిపోయేది. నాలుగేళ్లలో ఒక్కరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. అదే తన పనితనం అనుకుంది.

సోమవారం నాడు డాక్టరుగారు ఇద్దర్నీ పిలిచారు. వచ్చే వారం నుంచి ముందు బల్ల దగ్గర ఒక్కరే ఉండాలనీ, రెండోవాళ్లు లోపల బోన్లు కడుక్కుంటూ, ఆపరేషను సామాను మరగబెట్టుకుంటూ, కట్లు చూసుకోవాలనీ అన్నారు. ఎవరెక్కడో ఈ వారం పని చూసి చెప్తానన్నారు. దుర్గ "ఆయ్" అంది.

అనాల్సిన మాట వేరే ఉంది. ఆ కుర్చీలో కూర్చుంటే రోడ్డుకి అవతల చిన్నపిల్లల బడి గేటు కనిపిస్తుంది. ఆమె కూతురు భవాని అందులో చేరి ఏడాదైంది. పిల్లకి ఆయాసం. వచ్చినప్పుడు బడి ఆయా గేటు దగ్గరికి తెచ్చి చెయ్యి ఊపుతుంది. ఇప్పటికి రెండుసార్లు ఊపింది. ఫోను చెయ్యొచ్చుగా అనొచ్చు ఎవరైనా. మోగిన ఫోను ఎత్తేలోపు దుర్గ గేటు దగ్గరుంటుంది. మొగుడు కువైట్‌లో ఉన్నాడు, అత్తగారు పరిగెత్తలేదు, పరిగెత్తాల్సింది తనొక్కతే. ఇప్పుడు ఆ కుర్చీలోకి యామిని వస్తుందేమో. దాని కళ్లకి ఆ గేటు ఉత్త ఇనుప గేటు.

ఆ గురువారం, సఖినేటిపల్లి నుంచి రావాల్సిన జీవరత్నం గారికి ఫోను చెయ్యాల్సి వచ్చింది. ఆవిడ కుక్క రాణికి మర్నాడు పిల్లలు పుట్టకుండా ఆపరేషను. నేను మాట్లాడనా అక్కా అంది యామిని. దుర్గ ఫోను ఇవ్వలేదు. రాత్రి ఏమీ పెట్టొద్దనీ, ఖాళీ కడుపుతో తీసుకురమ్మనీ ఒక్క గుక్కలో చెప్పేసింది. "ఆయ్, అలాగేనండి" అన్నారు జీవరత్నం గారు.

శుక్రవారం పొద్దున్నే ఆటోలో రాణి దిగింది. లోపల యామిని దాని పొట్ట మీద జుట్టు తియ్యడానికి మిషను సిద్ధం చేస్తోంది. లోపల్నించే డాక్టరుగారు ఖాళీ కడుపేనా అని కేకేశారు. "ఆయ్ అండి" అనేసింది దుర్గ.

సంతకం కాగితం ముందు పెట్టి, ఆపరేషను సంగతి చెప్తుంటే జీవరత్నం గారు ప్రతి మాటకీ ఆయ్, ఆయ్ అంటున్నారు. కళ్లు కుక్క మీద ఉన్నాయి. చేతులు చీర చెంగుని నలిపేస్తున్నాయి. ఆ చేతులు దుర్గకి బాగా తెలుసు. కిందటేడు అమలాపురంలో పిల్లల డాక్టరు భవానికి ఆయాసం మందు పీల్చే పంపు ఎలా పట్టాలో చెప్పినప్పుడు తనూ ఇలాగే మూడుసార్లు ఆయ్ అంది. చదువు లేనిదనుకుంటారని అడగలేదు. బస్టాండులో పంపు బయటికి తీసి చూసుకుంటే ఒక్క ముక్క బుర్రలో లేదు.

అడగాలి. కానీ ఆ అడగడం యామినిది. తలుపు తెరిచే ఉంది, వింటుంది. కుక్క తిని ఉంటే తప్పు తనది, కుర్చీ పోతుంది. అడక్కపోతే? మత్తులో వాంతైతే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు. ఊపిరందక ఎగసిపడే చిన్న ఛాతీ ఎలా ఉంటుందో దుర్గకి ఒకరు చెప్పక్కర్లేదు.

దుర్గ కుర్చీ దిగి రాణి పక్కన చతికిలబడింది.

"రాత్రంతా ఆకలికి అల్లాడిపోయి ఉంటాది కదండీ. మా పిల్లైతే నేను ఉండలేనండి. పొద్దున్నేవన్నా పెట్టేసేరేటండి?"

జీవరత్నం గారి మొహం విచ్చుకుంది. "రాత్రి పెట్టలేదండి, మీరు చెప్పేరు కదా. పొద్దున్న కాళ్లు నాకేత్తంటే ప్రాణం ఒప్పలేదండి. రెండిడ్లీ, కాసిని పాలు. అంతేనండి."

దుర్గ లోపలికి వెళ్లింది. "ఇందాక నేను ఆయ్ అన్నది తప్పండి. కుక్క రెండిడ్లీ తింది. నిన్న ఫోన్లో నేనే సరిగా చెప్పలేదండి."

డాక్టరుగారు సిరంజి ట్రేలో పెట్టేశారు. ఆపరేషను సోమవారానికి మారింది. ఆ ముక్కేదో నిన్నే విడమరిచి చెప్పొచ్చు కదా అని జీవరత్నం గారు గట్టిగానే అన్నారు. దుర్గ ఆ మాట పడింది. రాత్రి ఎనిమిది తర్వాతా పొద్దున్నా తిండి వద్దు, పాలూ ఇడ్లీ బిస్కెట్టూ అన్నీ తిండే అని కాగితం మీద రాసిచ్చి, ఆవిడ చేతే చెప్పించుకుని పంపింది.

"నేనడిగితే ఆవిడ చెప్పేది కాదక్కా. నేనడిగితే పరీక్షలా ఉంటాది" అంది యామిని. మనస్ఫూర్తిగానే అంది. మెచ్చుకోవడం కూడా దీనికి ఇంత బాగా రావాలా అని దుర్గకి ఒళ్లు మండింది.

సాయంత్రం డాక్టరుగారు తేల్చేశారు. యామిని ముందు, దుర్గ లోపల. "ఆ..." అనబోయి, మింగేసింది దుర్గ.

"నాకా కుర్చీ కావాలండి. అక్కణ్ణించి మా పిల్ల బడి గేటు కనపడుద్ది. దానికి ఆయాసమండి."

ఆయన గుమ్మంలోకి వచ్చి, రోజూ దాటే రోడ్డునే కొత్తగా చూశారు. ఏడాదిగా ఒక్క మాట అనలేదేమని అడిగారు. ఒంటిగంటకి బడి వదిలేదాకా ముందు దుర్గ ఉంటుందనీ, ఆ తర్వాత యామిని అనీ మార్చి చెప్పారు. ఆపరేషనుకి ముందురోజు ఫోన్లు కూడా దుర్గవే అన్నారు.

సోమవారం ఒంటిగంటకి అత్తగారు భవానిని తీసుకెళ్లడం కళ్లారా చూసి, దుర్గ కుర్చీ దిగి లోపల బోన్లు కడగడానికి వెళ్లింది. బయట యామిని ఎవరితోనో ఏదో అంది. వాళ్లు పగలబడి నవ్వారు. తన పూట ఎవరూ అలా నవ్వలేదు. దుర్గ కుళాయి పూర్తిగా తిప్పేసింది. ఆ చప్పుడుకి, పొట్టకి కట్టుతో పడుకున్న రాణి మత్తులోంచి తలెత్తి చూసింది.

"నీకేటే, పడుకో" అని, కుళాయి కాస్త తగ్గించింది దుర్గ.