దుంబికి తుపాకీ అంటే ప్రాణం

దుంబి మూడోసారి పడిపోయిన ఉదయం దేచమ్మ ఎవరి సలహా అడగలేదు. కుక్కను దుప్పట్లో చుట్టి జీపులో వేసుకుని విరాజపేట వెళ్ళింది. పశువుల డాక్టరు మహదేవ ఎప్పటిలాగే సెలైన్ పెట్టాడు. ఎప్పటిలాగే దుంబి కాసేపటికి కళ్ళు తెరిచి తోక కదిలించింది. ఇంటికి తీసుకెళ్ళమన్నాడాయన. దేచమ్మ మాత్రం జీపును మైసూరు రోడ్డు ఎక్కించింది.

పక్కన కూర్చున్న భర్త బిద్దప్ప వెనక్కి తిరిగి చూశాడు. "లేచి కూర్చుంది కదా దేచూ. సాయంత్రానికి పంది ఎముక కొరుకుతుంది."

"నాకు నచ్చనిది అదే. చచ్చేట్టు పడిపోతుంది, సెలైన్ ఎక్కగానే లేచి ఎముక అడుగుతుంది. ఇదేం రోగమో తేల్చుకునే తిరిగొస్తాను."

బిద్దప్ప ముందుకు తిరిగి కూర్చున్నాడు. పెళ్ళైన కొత్తలోనే అతనికి ఒక సంగతి అర్థమైంది. దేచమ్మ గురి పెట్టాక పక్కన నిలబడి మాట్లాడకూడదు.

గురి అన్నది ఊరికే అన్న మాట కాదు. చెట్టుకొమ్మకు కట్టిన కొబ్బరికాయను తుపాకీతో పేల్చే పోటీల్లో చుట్టుపక్కల ఊళ్ళలో ఆమెను మించినవాళ్ళు లేరు. కాయ పగలగానే పరుగెత్తుకెళ్ళి ముక్కను నోట కరుచుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టేది దుంబి. వాళ్ళ భాషలో దుంబి అంటే తుమ్మెద; అంత నల్లగా ఉందని దానికి ఆ పేరు. గోడమీది తుపాకీ వైపు దేచమ్మ చెయ్యి చాపితే చాలు, ఇల్లంతా గిరగిరా తిరిగేది.

అలాంటి కుక్క వానాకాలం మొదట్లో ఒక ఉదయం గిన్నె ముట్టలేదు. మధ్యాహ్నానికి కాళ్ళు వణికాయి, వాంతి చేసుకుంది, చెవులు చల్లబడ్డాయి. ఏదో తినకూడనిది తిందన్నాడు మహదేవ. రెండోసారి పడిపోయేసరికి దేచమ్మకు విషం అనుమానం వచ్చింది. తోటకు అవతల మాచయ్య కొత్తగా కంచె వేశాడు. ఆ కంచె మీదే రెండిళ్ళకూ మాటామాటా నడుస్తోంది. తిన్నగా ఆయన వాకిట్లోకి వెళ్ళి, మా కుక్కకు ఏం పెట్టావని అడిగేసింది.

మాచయ్య తాపీగా కాఫీ తాగడం పూర్తి చేసి, కావేరమ్మ మీద ఒట్టు వేశాడు. "విషం పెట్టాలంటే నీ మొగుడికి పెడతాను అమ్మాయ్. నా కత్తి తీసుకెళ్ళి రెండు కాపులైంది. కుక్క నాకేం బాకీ ఉంది?"

ఆ ముసలాయన అబద్ధం ఆడడం లేదని దేచమ్మకు తెలిసిపోయింది. మర్నాడే కత్తి తిరిగి పంపించింది. కానీ దోషి దొరకలేదు.

మైసూరు డాక్టరు శుభద ఓపికగల మనిషి. రక్తం తీయించింది, పొట్టకు స్కానింగ్ చేయించింది, గుండె చూసింది, పిడుదుల జ్వరాలకు విడిగా పరీక్షలు రాసింది. బిల్లు వచ్చినప్పుడల్లా బిద్దప్ప కిటికీలోంచి చాముండి కొండ చూస్తూ నిలబడేవాడు. అన్నీ బాగానే ఉన్నట్టు వచ్చాయి.

దుంబి బల్లమీద కూర్చుని డాక్టరు గడియారం నాకుతుండగా ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. పడిపోయే ముందు ఏమైనా భయపడిందా? ఉరుములు, టపాకాయలు, పెద్ద చప్పుళ్ళు? కొత్త మనుషులు?

"మా ఇంట్లో టపాకాయలు కాల్చం. దుంబి దేనికీ భయపడదు. ఏనుగునే మొరిగి పంపించింది" అంది దేచమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

డాక్టరు ఇంకో కాగితం తీసింది. ఇక మిగిలింది బెంగళూరే. మెదడుకు పెద్ద స్కానింగు, కడుపులోకి గొట్టం వేసి పరీక్ష, వారం రోజులు అక్కడే ఉంచాలి. అయ్యే ఖర్చు చెప్పింది. అది వాళ్ళు ఏడాదికి చూసే మిరియాల డబ్బంత.

"ఇవన్నీ చేయించినా దొరుకుతుందని మాట ఇవ్వలేను. కానీ ఈసారి పడిపోతే లేవకపోవచ్చు. పడిపోయినప్పుడు గుండె మరీ నెమ్మదించిందని మీ ఊరి డాక్టరు రాశాడు" అంది శుభద.

తిరుగు దారిలో బిద్దప్ప వేళ్ళమీద లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాడు. హుణసూరు దాటాక, మిరియాలు మళ్ళీ కాస్తాయిలే అన్నాడు. దేచమ్మ వెంటనే బెంగళూరులో సోమవారానికి చోటు అడిగింది.

శనివారం సాయంత్రం మాచయ్య ఇంటివైపు నుంచి ఒక్క తుపాకీ పేలింది. ఒక్కటి అంటే ఆ ఇంట్లో మగపిల్లవాడు పుట్టాడని. కాసేపటికి ముసలాయనే లడ్డూలు పట్టుకుని కంచె దాటి వచ్చాడు.

"ఇందులో విషం లేదు, తిను" అన్నాడు దేచమ్మతో.

ఆమె నవ్వుతూ చెయ్యి చాపింది. అప్పుడు ఆమె చూపు దుంబి మీద పడింది. పేలుడు విన్న దగ్గర్నుంచి అది నిలవలేకపోతోంది. గోడమీది తుపాకీ వైపు ఎగురుతోంది, కొబ్బరి ముక్క ఎక్కడుందోనని వాకిలంతా వెతుకుతోంది. ఒళ్ళంతా ఆనందంతో వణికిపోతోంది.

దేచమ్మ చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది.

మొదటిసారి పడిపోయింది ఆమె పోటీకి సాధన మొదలుపెట్టిన మర్నాడు. రెండోసారి, ఊళ్ళో చంగప్ప తాత పోతే చావు కబురుగా ఆయన వాకిట్లో రెండు తూటాలు పేల్చిన మర్నాడు. దుంబి ఆ వాకిట్లోనే ఉంది. మూడోసారి, మైదానంలో పోటీ గెలిచి ముక్కతో ఊరేగి వచ్చిన మర్నాడు. పెద్ద చప్పుళ్ళు ఉన్నాయా అని డాక్టరు అడిగితే తను లేవంది. అబద్ధం కాదది. పుట్టుకకీ చావుకీ పండక్కీ తుపాకీ పేలే ఇంట్లో పెరిగింది తను. చెవిన పడితే ఏదో కబురు వచ్చిందనుకోవడమే తప్ప, దాన్ని చప్పుడుగా ఏనాడూ అనుకోలేదు.

ఫోను తీసింది. "డాక్టర్‌గారూ, ఏదైనా చూసి భయపడిందా అని అడిగారు. భయపడలేదు. సంతోషపడింది. ప్రతిసారీ సంతోషపడిన మర్నాడే పడిపోయింది."

అటువైపు డాక్టరు మూడు తేదీలూ అడిగి రాసుకుంది. తర్వాత శుభద గొంతు మారిపోయింది. "పడిపోయాక మీ ఊళ్ళో ఏం పెడుతున్నారు?"

"సెలైన్."

"నా దగ్గరికి వచ్చేముందేనా? అయితే నేను చూసిన రక్తం దాని అసలు రక్తం కాదమ్మా. ఒంట్లో ఉప్పు తగ్గిపోతే సెలైన్ దాన్ని సరిచేసేసింది. జాగ్రత్తగా వినండి. రేపు నీరసపడితే ముందు రక్తం తీయించండి. సెలైన్ ఆ తర్వాతే."

తెల్లవారేసరికి దుంబి లేవలేదు.

డాక్టరు మహదేవ ఆదివారం పూట లుంగీతోనే తలుపు తీశాడు. కుక్కను చూడగానే సెలైన్ సీసా అందుకున్నాడు. దేచమ్మ ఆ సీసా మీద చెయ్యి వేసింది.

"ముందు రక్తం."

"నరం అడుగంటిపోయింది. వెతుకుతూ కూర్చుంటే కుక్క పోతుంది. తర్వాత నన్ను అనొద్దు."

"అనను. నేను కాలు పట్టుకుంటాను, మీరు సూది పెట్టండి."

మొదటి పోటు వృథా అయింది. రెండోదీ అంతే. బిద్దప్ప మొహం తిప్పేసుకున్నాడు. దేచమ్మ ఊపిరి బిగబట్టింది, పోటీలో మీట నొక్కేముందు బిగబట్టినట్టే. ఆమె వేళ్ళ మధ్య దుంబి కాలు రాతిలో చెక్కినట్టు నిలిచింది. మూడో పోటుకు గొట్టంలోకి ఎర్రగా దిగింది. మరుక్షణమే మహదేవ సెలైన్ తెరిచాడు.

బజార్లో మనుషుల రక్తం చూసే ల్యాబు ఒకటే తెరిచి ఉంది. అక్కడ కుర్చీలో కూర్చున్నతను పేషెంటు పేరు అడిగితే దేచమ్మ దుంబి అంది. వయసు నాలుగంది. ఇంటిపేరు అడిగితే తమదే చెప్పింది. కాగితం చేతికిస్తూ అతను కంగారుపడ్డాడు. "పాపను వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండమ్మా. సోడియం బాగా పడిపోయింది, పొటాషియం మరీ ఎక్కువుంది."

బిద్దప్పకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మైసూరు చేరేదాకా అతను జీపు వెనక సెలైన్ సీసా ఎత్తి పట్టుకునే కూర్చున్నాడు. శుభద కాగితం చూసి తల ఊపింది. ఒక ఇంజెక్షను ఇచ్చి, ముందూ వెనకా రక్తం తీసి ఒకే ఒక్క పరీక్షకు పంపింది. దాని ఖర్చు బెంగళూరు లెక్కలో ఏ మూలకూ రాదు. జబ్బు పేరు అడిసన్స్ అని తేలింది. మూత్రపిండాల పక్కన చిన్న గ్రంథులు రెండు పనిచేయడం మానేశాయి. ఒంట్లో ఉప్పును నిలిపేవి అవే; గుండె అదిరే సమయంలో ఒంటిని నిలబెట్టే మందు కూడా అవే తయారుచేయాలి.

"భయానికైనా సంతోషానికైనా అదే మందు ఖర్చవుతుంది. దీని దగ్గర ఆ మందు లేదు" అంది శుభద. "మాత్రలతో బతికినంతకాలం బాగుంటుంది."

"తుపాకీ మానెయ్యాలా?" దేచమ్మ సూటిగా అడిగింది. అవునంటే మానేసేదే. గోడకున్న మేకుతో సహా పీకేసేది.

"అక్కర్లేదు. పేల్చే రోజుకు ముందు ఒక మాత్ర ఎక్కువ వెయ్యండి."

కైల్ పొళ్దు పండగకు తుపాకులు కడిగి, పూలు పెట్టి పూజ చేశారు. దుంబికి మాత్రను పంది కూర ముక్కలో దాచి పెట్టింది దేచమ్మ. మైదానంలో ఊరంతా చేరింది. మాచయ్య మనవడిని ఎత్తుకుని ముందు వరసలో నిలబడి, ఈసారి కుక్క నిలబడుతుంది, నువ్వే పడిపోతావని ఎకసెక్కెం ఆడాడు. ఆమె వినిపించుకోలేదు. పైన కొమ్మకు కాయ, పక్కన ఒళ్ళంతా వణుకుతున్న నల్లకుక్క. ఒక్క క్షణం ఆమె చూపు కాయ మీద కాక దుంబి మీద నిలిచింది. అప్పుడు తుపాకీ ఎత్తింది.

కాయ రెండు ముక్కలైంది. దుంబి దూసుకుపోయింది.

మర్నాడు ఉదయం దేచమ్మ కళ్ళు తెరవకుండా కాసేపు అలాగే పడుకుంది. వాకిట్లోంచి చప్పుడేమీ లేదు. లేచి, ఆచితూచి అడుగులు వేస్తూ వంటింటి తలుపు దాకా వచ్చింది.

ముందురోజు మిగిలిన బియ్యపురవ్వ కడంబుట్టుల గిన్నె బోర్లాపడి ఉంది. అందులో ఒక్క ఉండ కూడా మిగల్లేదు. పక్కన కొబ్బరి ముక్క పెట్టుకుని, మీసాలకు పిండి అంటుకుని, దుంబి ఆమెకేసి చూసి గిన్నెను మూతితో ముందుకు తోసింది.

"బిద్దూ, లే. నీ టిఫినంతా నా కూతురు తినేసింది" అని కేకేసింది దేచమ్మ.