రెండు ఒడ్డుల నికోలా పండుగ

గ్రాబ్‌నిట్సాను రెండు దేశాలకు పంచిన పెద్దమనుషులు ఆ ఊరి మొహమైనా చూసి ఉండరు. చూసి ఉంటే రొట్టెల బట్టీ వాగుకు ఇటు, పిండిమర అటు పడేలా గీత గీసేవారు కాదు. ఇటు బల్గేరియా, అటు సెర్బియా. త్సేనా మెట్టినిల్లు ఇటు, పుట్టిల్లు అటు. మధ్యలో నలభై అడుగుల వంతెన. ఆమె అది దాటి ఇరవై ఎనిమిదేళ్లయింది.

మొదట్లో ముళ్లకంచె అడ్డం. అది తీసేశాక కోపం అడ్డం. త్సేనాకు ముక్కు మీద కోపమని ఊరందరికీ తెలుసుగానీ, ఇది ఆ కోపం కాదు. తమ్ముడి మీద బెంగ కూడా అందులోనే కలిసిపోయి ఉండేది.

పుట్టింటివాళ్లకు ఏటా తమ ఇంటిని కాచే పునీతుడు నికోలా పండుగ. దానికి ఎవరినీ పిలవరు, పిలవడం తప్పు. తలుపు తీసి, కొవ్వొత్తి వెలిగించి, ఉడికించిన గోధుమలు బల్ల మీద పెట్టుకుని కూర్చుంటారు. పగవాడు వచ్చినా లోపలికి రమ్మనాలి. కంచె వేసిన చాలా ఏళ్లకు త్సేనాకు ఒక్కరోజు అనుమతి చీటీ దొరికింది. డిసెంబరు ఆరున కొత్త రుమాలు కట్టుకుని వెళ్లింది. తలుపు మూసి ఉంది. కొవ్వొత్తి లేదు, పొయ్యిలో పొగ లేదు. చీటీ సంగతి తెలిసే తమ్ముడు త్రైకో మొహం చాటేశాడనుకుంది. ఇరుగుపొరుగును కూడా అడక్కుండా వెనుదిరిగింది.

ఈ డిసెంబరులో త్సేనా సంతలో ఎర్ర మిరప పచ్చడి అమ్ముతుంటే త్రైకో కూతురు మిలుంకా వచ్చింది. ఆ పిల్ల సరుకులకు వచ్చినప్పుడల్లా పలకరిస్తుంది. త్సేనా ఒక సీసా ఊరికే ఇస్తుంది గానీ తమ్ముడి ఊసు ఎత్తనివ్వదు.

“వచ్చే శుక్రవారం రా అత్తా. నాన్న ఎప్పట్లాగే నీకూ కంచం పెడతాడు.”

“ఏం పండగనే? నికోలా అయిపోయి వారమైంది.”

“మీకు అయిపోయింది. మాకు పంతొమ్మిదిన కదా!”

“తేదీ మార్చి ఎన్నేళ్లయిందే?”

“మార్చింది మీ చర్చివాళ్లు. మా ఫాదర్‌ని మార్చమని చూడు, గడ్డం ఎగరేసుకుంటూ వెంటపడి తరుముతాడు.”

త్సేనా చేతిలో సీసా కింద పెట్టేసింది. చిన్నప్పుడు పంతొమ్మిదినే చేసేవాళ్లు. ఇటు తేదీ మారిన మొదటి ఏడాదే తను వెళ్లింది. దేవుడి పండుగ మారితే లోకమంతటా మారుతుందనుకుంది. ఆ పూట ఇక బేరాలు చేయలేకపోయింది.

శుక్రవారం పొద్దున వంతెన ఎక్కిందే గానీ మధ్యలో ఆగి వెనక్కి చూసింది. ఇన్నేళ్లు మాటల్లేని మనిషి మొహం మీదే తలుపేస్తే? పండుగనాడు వేయకూడదు సరే, మర్నాటి నుంచి?

తలుపు బార్లా తీసి ఉంది. త్రైకో బల్ల దగ్గర చేప ముళ్లు తీస్తున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. తలెత్తి చూసి, ఆమె నిన్నే వచ్చి వెళ్లినట్టు కుర్చీ లాగాడు.

“అక్కడే నిలబడ్డావేం? చలి లోపలికొస్తోంది.”

“పండగనాడు తలుపు తీసి పెట్టుకుంటే చలి రాక ఏమొస్తుందిరా?”

త్సేనా కూర్చుంది. త్రైకో ఆమె కంచంలో చేప ముక్క వేశాడు.

“ఇన్నేళ్లు రాలేదేమక్కా? నేనేం తప్పు చేశాను?”

“వచ్చాన్రా. ఆరో తారీకున వచ్చాను. తలుపేసి ఉంది.”

“ఆరునా?” త్రైకో నోరెళ్లబెట్టాడు. “ఆ రోజుల్లో నేను కట్టెలకు అడవిలో ఉండేవాణ్ణి కదా!”

“పదమూడు రోజులకు ఇరవై ఎనిమిదేళ్లు పాడు చేశాన్రా, నా కోపం తగలెయ్య!” అంటూ త్సేనా ఏడ్చేసింది.

త్రైకో ఆ మాట విన్నట్టే లేదు.

“వాకిలి దాకా వచ్చావా?”

“మెట్లెక్కాను.”

“మెట్లెక్కావా!” అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. వంటింటి వైపు తిరిగి, “మిలుంకా! మీ అత్త ఆనాడే వచ్చిందటే!” అని కేకేశాడు.