ఆరు గీతల దొరవారు

అక్క ఇంట్లోని ఉప్పునీటి చేపల తొట్టి గురించి చెప్పాలంటే ముందు దొరవారి గురించి చెప్పాలి. వేలెడంత చేప. ఊదారంగు ఒళ్ళు, ముక్కు దగ్గర్నుంచి తోక దాకా ఆరు నారింజ గీతలు. చేపల కొట్లో దాన్ని రాస్ అంటారు. పగడాల సందుల్లో అది తిరిగే తీరు చూస్తే తొట్టి మొత్తం ఎవరో దాని పేర రాసిచ్చినట్టుండేది. అందుకే దొరవారని పేరు పెట్టాను. ఎవరెదురొచ్చినా దులిపి పారేసే దాని తత్వం నాకు నచ్చేది. మెతక మనుషులంటే నాకు మొదట్నుంచీ చిరాకు.

అక్క కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. నాది కింది అంతస్తులో కుట్టుమిషను గది. బావ ఓడల్లో ఇంజను మెకానిక్కు. ఏడాది మొత్తానికి ఇంట్లో కనిపించేది ఏ నెలో, నెలన్నరో. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే వరస. ఆ ఏళ్ళన్నీ అక్కకి తోడెవరు? నేను. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పి మెట్లెక్కేదాన్ని. వంటలో ఓ చెయ్యి వేసి, తొట్టి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని తిని, దొరవారి దర్జా చూస్తూ నిద్ర ముంచుకొచ్చేదాకా కబుర్లాడుకునేవాళ్ళం. నేను వెళ్తేగానీ ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించేది కాదు. గొప్పకి చెప్పటం లేదు, ఉన్నమాటే.

అలాంటిది ఈ మధ్య బావ ఓడ పని మానేసి ఇంటికొచ్చేశాడు. ఇక నీళ్ళ మీద ఉండలేనన్నాడట. దగ్గర్లో పంపులు బాగుచేసే షెడ్డులో చేరి, మొదటి వారమే అక్కకి ఒక చేపని పట్టుకొచ్చాడు. మాండరిన్ అనే జాతి. నీలం పట్టుగుడ్డ మీద నారింజ దారంతో ఎవరో తీరిగ్గా కూర్చుని కుట్టినట్టుంది. కుట్టుపనిదాన్ని, నేనే నోరు తెరిచాను.

"అబ్బ, పెళ్ళికూతురిలా ఉందండీ!" అంది అక్క. ఆ మొహంలో అంత వెలుగు చూసి చాలాకాలమైంది. నాకెందుకో ఒళ్ళు మండింది.

"పెళ్ళికూతురే గానీ, దొరవారు కాపరం చెయ్యనిస్తారా?" అన్నాను. "ఓ మాట అడిగి తేవాల్సింది బావా. ఇదేం ఓడ ఇంజనా, ఇష్టమొచ్చింది తెచ్చి బిగించెయ్యడానికి?"

బావ నవ్వాడు. ఆయన నవ్వు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. "నిజమే, అడగాల్సింది," అన్నాడు.

నేనన్నది అబద్ధం కాదు. ఈ రకం రాస్ చేపలు తాము ముందు దిగిన తొట్టిని సొంత ఇల్లనుకుంటాయి. తరవాత వచ్చినదాన్ని తరిమి తరిమి, రెక్కలు చింపి, మూల నక్కేదాకా వదలవు. అందుకే వాటిని అన్ని చేపలకంటే చివర దించాలంటారు. మా దొరవారు దిగింది అందరికంటే ముందు. ఇంతకు ముందోసారి అక్క తెచ్చిన పసుపు చేప ఆయన వేధింపు పడలేక తొట్టిలోంచి దూకేసి, పొద్దున్న చూసేసరికి నేల మీద ఎండిపోయి ఉంది. ఆ తరవాతే అక్క పైన వల మూత బిగించింది.

ఈసారి అక్క నిదానంగా నడుచుకుంది. చిల్లుల ప్లాస్టిక్ పెట్టెని తొట్టి లోపల అంచుకి తగిలించి, పెళ్ళికూతుర్ని అందులో ఉంచింది. ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు, ముట్టుకోలేరు. దొరవారు పాత హద్దులు గుర్తుపట్టకుండా పై రాళ్ళు కొన్నింటిని అటూ ఇటూ మార్చింది. మొదట్లో దొరవారు ఆ పెట్టెని ముక్కుతో పొడుస్తూనే ఉన్నారు. క్రమంగా ఆ జోరు తగ్గింది.

పెట్టెలోంచి వదిలిన సాయంత్రం ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అక్క చేతిలో వల ఉంది. దొరవారు రివ్వున వచ్చారు. ఒళ్ళు వంచి, రెక్కలు నిక్కబొడుచుకుని, పెళ్ళికూతురి చుట్టూ తిరిగారు. అక్క వల ఎత్తింది. పెళ్ళికూతురు కదల్లేదు. దొరవారు మరోసారి చుట్టి, దాన్ని ముట్టుకోకుండానే వెళ్ళిపోయారు.

"చూశారా!" అని చప్పట్లు కొట్టాను. "దొరవారికి మర్యాద తెలుసు. మీరే అనవసరంగా హడలి చచ్చారు."

అప్పట్నుంచి కాపలా నేనే కాశాను. మెట్లెక్కగానే ముందు పెళ్ళికూతురి రెక్కలు చూసేదాన్ని. ఒక్క చిరుగు లేదు, ఒక్క గాటు లేదు. ఎవరన్నా దొరవారిని ఓ మాట అనబోతే అదే చూపించేదాన్ని. ఆయన మీద ఈగ వాలనిచ్చేదాన్ని కాదు.

బావతో కూడా కలుపుగోలుగానే ఉన్నాను. మరదల్ని, ఆ మాత్రం ఆటపట్టించే హక్కు నాకుంది. మొదటి రోజు ఆయన తొట్టి ఎదురు కుర్చీలో కూర్చోబోతే, "అది నాది బావా, చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు ఆ పక్కన కూర్చోవాలి," అన్నాను. మెల్లగా నములుతుంటే, "ఓడలో గంట కొడితేగానీ మింగనివ్వరా?" అనేదాన్ని. ఆయన ఏదన్నా చెప్పటం మొదలుపెట్టి మాట కోసం తడుముకుంటే నేనే అందుకుని పూర్తిచేసేదాన్ని. అక్క నవ్వేది. మొదట్లో నవ్వేది. తరవాత్తరవాత బావ షెడ్డు నుంచి ఆలస్యంగా రావటం మొదలుపెట్టాడు. వచ్చినా, "మీరు కానివ్వండి, నేను అక్కడే తినేశాను," అని గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఇల్లు పట్టని మనిషి, ఓడ దిగినా బుద్ధి ఓడలోనే ఉందనుకున్నాను. ఆమధ్య అక్క ఆయన ప్యాంట్లు తెచ్చి నడుం దగ్గర బిగించమంది. వంగి పనిచేస్తే కొవ్వు కరగదూ అని నవ్వుతూ కుట్టిచ్చాను.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి అక్క తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. దుకాణంలో వాడే భూతద్దం కంటికి ఆనించుకుంది.

"ఇలా రావే. దీన్ని చూడు."

"ఏమైంది? రెక్కలు బాగానే ఉన్నాయిగా."

"రెక్కలు కాదు. పొట్ట చూడు."

భూతద్దం తీసుకుని చూశాను. పెళ్ళికూతురి పొట్ట లోపలికి పీక్కుపోయింది. తల వెనక ఎముక గట్టులా లేచింది. ఒంటి మీది రంగులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే దూరం నుంచి తెలియలేదు.

"మనం దెబ్బలు తగిలాయా అని చూస్తూ కూర్చున్నాం," అంది అక్క. "ఇది ఆకలితో చచ్చిపోతోంది."

మాండరిన్ చేప రాళ్ళ మీద పాకే నలకల్లాంటి పురుగుల్ని ఒక్కొక్కటే ఏరుకు తింటుంది. తొందరపడటం దానికి చేతకాదు. ఆగి, తల వంచి, చూసి, అప్పుడు పొడుస్తుంది. దొరవారి తిండి కూడా అదే. అక్క అలాంటి పురుగుల్ని పాచి పట్టిన పచ్చనీళ్ళ సీసాలో పెంచుతోంది. ఓ గరిటెడు తొట్టిలో పోసి చూపించింది. పెళ్ళికూతురు ఒక రాయి ముందు ఆగి తల వంచింది. ఈలోపే దొరవారు మెరుపులా వచ్చి ఆ రాయంతా తుడిచిపెట్టి పక్కదాని మీదికి వెళ్ళిపోయారు. పెళ్ళికూతురు ఉత్త రాయిని చూస్తూ ఉండిపోయింది. నాకు జాలేసింది. అయినా నోరు ఊరుకోదు కదా.

"అయితే దీన్ని కొట్లో తిరిగిచ్చేద్దాం," అన్నాను. "కొత్తగా వచ్చింది ఇదేగా."

బావ అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. "అవును, ఇచ్చేద్దాంలే," అన్నాడు మెల్లగా. "అసలు నేను తేకుండా ఉండాల్సింది."

"మీరుండండి," అంది అక్క. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఈ ఒంటితో ప్లాస్టిక్ సంచీలో వేస్తే దారిలోనే పోతుంది. రేపటిదాకా ఉండటమే గొప్ప. ఆ రాస్‌ని తీసేద్దాం."

రాస్ అంది, దొరవారు అనలేదు.

దొరవారు దూరతారేమోనని సన్నమూతి సీసాలో మేత పెట్టి తొట్టిలో దించింది. దొరవారు మూతి దాకా వచ్చి, చూసి, తోక విదిలించి వెళ్ళిపోయారు. మళ్ళీ దించితే మళ్ళీ అంతే. లోలోపల నాకు గర్వంగానే ఉంది. పెళ్ళికూతురు ఇసక మీద ఒక పక్కకి ఒరగటం చూశాక ఆ గర్వం కాస్తా దిగింది.

అక్క చీరకొంగు బిగించి దోపుకుంది. "రాళ్ళు తీసెయ్యాలి."

"మతి పోయిందా? ఆ పగడాలన్నీ నీ చేత్తో అతికించినవి. ఏళ్ళ తరబడి పెంచావు!"

"తెలుసులే. టబ్బులు పట్టుకురా."

పెళ్ళికూతుర్ని చిల్లుల పెట్టెలోకి తీసింది. బావ రబ్బరు గొట్టంతో నీళ్ళు డ్రమ్ముల్లోకి తోడటం మొదలుపెట్టాడు. అక్క ఒక్కో రాయినీ రెండు చేతులా ఎత్తి నీళ్ళ టబ్బుల్లో పెడుతోంది. ఒక పగడపు కొమ్మ పటుక్కున విరిగింది. అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తరవాతి రాయి అందుకుంది. గదంతా సముద్రపు వాసన నిండిపోయింది.

వల నాకిచ్చింది. సూదిలో దారం ఎక్కించే చేతులు కదా అని. చివరికి మిగిలిన రాయి సందులోంచి దొరవారు బయటికొచ్చి, నా వల ఎదురుగా ఆగారు. చెయ్యి కదిపితే చాలు. కదపలేదు. కావాలనే కదపలేదు. మళ్ళీ సందులోకి దూరిపోయారు. అక్క నా వంక చూసింది.

అక్క ఆ రాయి కూడా ఎత్తేసింది. దొరవారికి దాక్కునే చోటు లేదు, పైన మూత లేదు. ఒక్కసారిగా నీళ్ళలోంచి పైకి లేచి, బావ భుజం పక్కనుంచి నేల మీద పడ్డారు. టపటపా కొట్టుకుంటూ బల్ల కిందికి జారిపోయారు. బావ గభాల్న వంగాడు.

"ముట్టుకోకండి!" అని అరిచాను. ఆయన గోడకి అంటుకుపోయాడు. నేను చేతులు తడుపుకుని, బల్ల కింద పాకి, రెండు అరచేతుల మధ్య దొరవారిని ఎత్తి నీళ్ళ సంచీలో వదిలాను. సంచీ అడుగున కాసేపు అలాగే పడి ఉన్నారు. తరవాత మొప్పలు ఆడాయి.

అక్క రెండు రాళ్ళు తొట్టిలో పెట్టి, నీళ్ళు పోసి, పెళ్ళికూతుర్ని వదిలింది. సీసాలో ఉన్న పురుగులన్నీ ఒంపేసింది. పెళ్ళికూతురు రాయి పక్కన వాలింది. చాలాసేపు ఏమీ చెయ్యలేదు. తల వంచింది. ఆగింది. పొడిచింది. ఇంకోసారి పొడిచింది.

"తింటోంది," అన్నాడు బావ. అక్క మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. నాక్కూడా ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఆకలి దంచేస్తోంది. అలవాటు కొద్దీ కంచాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. బావ తడి చేతులు తుడుచుకుంటూ, "మీరు కానివ్వండి, నేను అక్కడే..." అంటూ గదివైపు నడిచాడు.

"ఆగండి," అని ఆయన్ని ఆపి, అక్క నావైపు తిరిగింది. "నువ్వు ఆ సంచీ తీసుకుని బయల్దేరు. కొట్టు మూసేలోపు ఇచ్చెయ్యాలి."

"తిని వెళ్తాలే."

"వద్దే. ఇవాళ కిందే తిను. రేపు కూడా. కొన్నాళ్ళు సాయంత్రాలు రాకు."

నాకు అర్థం కాలేదు. "నేనేం చేశాను? ఆయన్ని ఏనాడన్నా ఒక్క చెడ్డమాట అన్నానా?"

"అన్నావని నేననలేదుగా. నువ్వు బల్ల దగ్గరుంటే ఆయన తినటం లేదు. షెడ్డులో ఆయనకి అన్నం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. నిన్న వెళ్ళి కనుక్కుని వచ్చాను."

"అయ్యో, అదేం లేదు, పాపం తను సరదాకి..." అని బావ ఏదో అనబోయాడు.

"మీరుండండి," అంది అక్క.

నోటినిండా మాటలున్నాయి. ఇన్నేళ్ళూ నీకెవరు తోడున్నారని అడగాలనుంది. నేను లేకపోతే ఈ ఇల్లు శ్మశానంలా ఉండేదని గట్టిగా అరవాలనుంది. అక్క మొహంలోకి చూశాను. కోపం ఉంటే పోట్లాడి నెగ్గేదాన్ని. కోపం లేదు. సంచీ తీసుకుని బయటికొచ్చాను.

మెట్ల మలుపు దగ్గర ఆగాను. సంచీని పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. తలుపు ఇంకా తీసే ఉంది. పైన కుర్చీ జరిపిన చప్పుడయింది. తరవాత గరిటె చప్పుడు. చాలాసేపు ఇంకేమీ వినిపించలేదు.

"ఇంకాస్త పెట్టు," అన్నాడు బావ.

ఆ ఇంట్లో ఆయన అడిగి పెట్టించుకోవటం నేనెప్పుడూ వినలేదు.